కొత్త అస్తరు

ఒకటి: కారుకు ముందూ వెనకా లాగుడు కొక్కేలు బిగించాలి. అయింది.
రెండు: బ్రేకు ఆయిలు మార్చాలి. అయింది.
మూడు: అన్న లైసెన్సు, డాక్టరు సర్టిఫికెట్, రెండేసి జిరాక్సులు. అయింది.
నాలుగు: పూర్తి చేతుల నూలు చొక్కా, నూలు ప్యాంటు. అమ్మ ఇస్త్రీ చేయించింది.
ఐదు: జోయల్ కారు పెట్రోలు పైపుకు కొత్త క్లిప్పు. ఇచ్చాం, ట్రాకు దగ్గర బిగించుకుంటానన్నాడు. అయింది.
ఆరు: కారులో ఊడిపడే వస్తువులేవీ ఉండకూడదు. సీటు కింద స్పానరు దొరికింది. తీశాం.
ఏడు: నాయనకు చెప్పి బయలుదేరాలి.
ఎనిమిది: హెల్మెట్ లోపలి స్టిక్కరు ఫోటో తీసి శనివారం తొమ్మిదిలోగా ట్రాకు వాళ్లకు పంపాలి.

ఈ చీటీ రాసింది నేనే. క్యాలెండరు కాగితం వెనక, పక్కన టిక్కు పెట్టడానికి చోటు వదిలి రాశాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి కాగితం పనులన్నీ నావే.

కథ ఎక్కడ ఆగిందో మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు. మా అన్న సాజిద్‌కు ఎమ్మిగనూరులో, ఆదోని రోడ్డు మీద చిన్న గ్యారేజీ ఉంది. రెండేళ్లుగా ఒక పాత చిన్న కారును విప్పి బిగించి, మళ్లీ విప్పి మళ్లీ బిగించి, తమిళనాడులోని ఒక రేసు ట్రాకు మీద నడపగలిగేట్టు చేశాడు. ట్రాకు డే అంటే పందెం కాదు. ఎవరి కారు వాళ్లు తీసుకెళ్లి, ఎదురుగా లారీ రాని, గేదె అడ్డం పడని రోడ్డు మీద తమకు చేతనైనంత వేగంగా నడిపి చూసుకునే రోజు. అన్న రెండుసార్లు వెళ్లాడు. అప్పుడు హెల్మెట్ అక్కడే అద్దెకిచ్చారు. ఈసారి అద్దెవి లేవు, సొంతవి తెచ్చుకోండి అని ముందే రాశారు.

ఈసారి ఇంకో సంగతి కూడా ఉంది. బెంగళూరులో రేసు కార్లు తయారుచేసే వర్క్‌షాపు వాళ్లు అన్న ఆ ట్రాకు చుట్టి రావడానికి తీసుకున్న సమయాలు చూసి, ఆదివారం మేమూ వస్తాం, నువ్వు నడపడం చూస్తాం, నచ్చితే వచ్చే ఏడాది మా కారే నీ చేతికిస్తాం అన్నారు. ఇరవై ఆరేళ్లు వచ్చాక మా అన్నను ఎవరో పిలిచి, నీ పని చూస్తాం అనడం అదే మొదలు.

అలవాటున్నవాళ్లకు ఆదివారం, కొత్తవాళ్లకు శనివారం. అన్న స్నేహితుడు జోయల్‌కు ఇదే మొదటిసారి. అందుకని అతను తన కారుతో గురువారమే వెళ్లిపోయాడు.

శనివారం ఉదయం ఏడున్నరకు చీటీలో మిగిలినవి రెండే పనులు. ఏడు, ఎనిమిది.

కారు నిన్న సాయంత్రమే అద్దె బండి మీదికి ఎక్కింది. పదింటికి బయలుదేరాలి. అన్న తాళ్లను మరోసారి లాగి చూస్తున్నాడు. ఎదురు టీ కొట్టు బసప్ప రెండు గ్లాసులు పట్టుకొచ్చి, బెంచీ మీదున్న హెల్మెట్‌ను వేలితో టకటకా కొట్టాడు.

"ఏమప్పా సాజిదూ, దేవరగట్టు దసరా కర్రల కొట్లాట కాడికి గాని పోతాండావా? ఆడికి పోయేటోళ్లే తలకు గుడ్డ సుట్టుకొని పోతారు. నీకేమో ఇంత డబ్బా!"

"ఆడ తగిలితే కర్ర, బసప్పన్నా. ఈడ తగిలితే ఇనుము."

"మరి ఇనుముతో నీకేం పనప్పా? సుమ్నె ఊరికె ఇంట్లో కూసోరాదా!"

నేను నవ్వుతూనే హెల్మెట్‌ను ఒళ్లోకి తీసుకున్నాను. లోపలి అస్తరు అంచు పట్టుకుని మెల్లగా పక్కకు తీస్తే, దాని కింద స్టిక్కరు కనపడాలి. కొన్న రోజున షాపులో సేతుమాధవరావు గారు అలాగే తీసి చూపించారు.

ఐదు వారాల కిందటి మాట అది. అన్నా, నేనూ, జోయల్ కలిసి బెంగళూరు వెళ్లాం. సేతుమాధవరావు గారిది మంత్రాలయం వైపు. ఎప్పుడో బెంగళూరు వెళ్లి రేసు సామాన్ల షాపు పెట్టుకున్నారు. మేం ఎక్కణ్నుంచి వచ్చామో తెలియగానే కన్నడం మానేసి తెలుగులోకి దిగారు. అన్న గోడ మీది ఎర్ర హెల్మెట్ చూపించి అది కావాలంటే, ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"రంగు చివర్లో చూద్దాం నాయనా. అది మోటార్ సైకిల్ వాళ్లది. కారుకు పనికిరాదు."

"తలకాయ తలకాయే గద సార్," అన్నాడు జోయల్. అని, జవాబు కోసం ఆగకుండా బూట్ల అరల వైపు వెళ్లిపోయాడు. అతను ఎప్పుడూ అంతే. ప్రశ్న వేసి, జవాబు మనకు వదిలేస్తాడు.

సేతుమాధవరావు గారు విసుక్కోకుండా నాకూ అన్నకూ చెప్పారు. బైకు మీది మనిషి పడితే రోడ్డుకు తగిలి దూరంగా జారిపోతాడు. కారులో ఉన్నవాణ్ని బెల్టులతో సీటుకు కట్టేసి ఉంటారు, ఎక్కడికీ పోలేడు. చుట్టూ ఉన్న ఇనప కడ్డీలకే తల మళ్లీ మళ్లీ కొట్టుకుంటుంది. పైగా బయటికి రావడానికి సమయం పడుతుంది. ఆ సమయంలో మంట లేస్తే? అందుకే కారు హెల్మెట్ లోపలి గుడ్డ మంట అంటుకోని గుడ్డ. ఆ గుడ్డ కింద తెల్లటి థెర్మాకోలు పొర చూపించి, "తలను కాపాడేది పైన మెరిసే డిప్ప ఒక్కటే కాదమ్మా. దెబ్బను తిని నలిగిపోయేది ఇది. ఒకసారి నలిగిందంటే హెల్మెట్ పని అయిపోయినట్టే," అన్నారు.

స్టిక్కరు చూపించే వేళకు జోయల్ తిరిగొచ్చాడు. 'ఎం' అని ఉంటే మోటార్ సైకిల్, 'ఎస్ఏ' అని ఉంటే కారు, పక్కనే సంవత్సరం. "ఈ కాగితం లేకపోతే గేటు దాటనివ్వరు," అన్నారాయన. జోయల్ ఆ ఒక్క మాట మాత్రం శ్రద్ధగా విన్నాడు. నేను అన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను.

తర్వాత టేపు తీసి కనుబొమల పైనుంచి, చెవుల మీదుగా, తల వెనక ఉబ్బెత్తుగా ఉన్న చోటు దాకా చుట్టి కొలిచారు. అన్నకు యాభై తొమ్మిది సెంటీమీటర్లు. జోయల్‌కు యాభై ఏడు. ఆ కొలతవి ఇద్దరికీ తొడిగి ఇరవై నిమిషాలు అలాగే కూర్చోమన్నారు.

"బుగ్గలు నొక్కుతాండాయి సార్," అన్నాడు అన్న. "ఒక సైజు పెద్దది ఇయ్యండి."

"మాట్లాడితే బుగ్గ పంటికింద పడుతోందా?"

"పడతాంది."

"అయితే సరిగ్గా ఉంది. తల ఊపు. హెల్మెట్ నీ నుదుటి చర్మాన్ని కూడా లాక్కుని పోవాలి. అదొక్కటే తిరిగిందంటే వదులని అర్థం. ఒకే చోట గుచ్చినట్టు నొప్పి ఉంటే అది నీ తలకు పట్టే హెల్మెట్ కాదు. అంతటా ఒకే బిగువుంటే నీదే. వాడేకొద్దీ కాస్త కుదురుకుంటుంది."

అన్న ఇంటికొచ్చాక నాలుగు రోజులు అద్దం ముందు హెల్మెట్ పెట్టుకుని కూర్చునేవాడు, తీశాక నుదురు తడుముకునేవాడు. ఐదో రోజు, "నాజూ, కుదురుకొనిందే! ఇప్పుడు హాయిగా ఉండాది," అన్నాడు. నా పుస్తకంలో 'కుదురుకుంది' అని రాసి తేదీ వేశాను.

ఇప్పుడు బెంచీ మీద కూర్చుని అంచు పట్టుకుని లాగితే అస్తరు రాలేదు.

షాపులో ఈ గుడ్డ నొక్కుడు గుండీలు తీస్తే ఊడొచ్చింది. ఇప్పుడు చుట్టూ కుట్టేసి ఉంది. నల్ల గుడ్డ మీద నల్ల దారం, వెతికితే తప్ప కనపడదు. దగ్గర దగ్గరగా ఒకే కొలతలో కుట్లు. కుట్టు ముగిసిన చోట వెనక్కి మూడు పోట్లు వేసి, దారం కొసను లోపలికి దోపి వదిలిన తీరు. ఆ తీరు నాకు తెలుసు. మా ఇంట్లో ప్రతి పరుపూ మూలలో అలాగే ముగుస్తుంది. నేను పడుకుని పెరిగింది ఆ కుట్ల మీదే.

బ్లేడుతో రెండు కుట్లు తెంపాను. సందులోంచి తెల్లగా ఉబికి వచ్చింది.

దూది.

"అన్నా," అన్నాను. "అన్నా, ఈడికి రా."

అన్న తాడు వదిలి వచ్చాడు. చూశాడు. రెండు వేళ్లతో కొంచెం దూది లాగి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు. మా ఇంట్లో ఎవరైనా అలాగే చేస్తారు.

"నాయన," అన్నాడు. అంతే.

"ఏమాయనమ్మా?" అని బసప్ప అడుగుతున్నాడు. చీటీ మడిచి చున్నీ కొంగులో ముడి వేసుకున్నాను. అన్న అప్పటికే బైకు తీశాడు.

ఆదోని దారంతా పత్తి లారీలే. మార్కెట్టుకు వెళ్లే సీజను. రోడ్డు పక్క ముళ్ల కంపలకు పొడుగునా దూది పింజలు చిక్కుకుని ఉన్నాయి. మూడేళ్ల కిందట ఇదే రోడ్డు మీద ఒక పత్తి లారీకి పైన కరెంటు తీగ తగిలింది. అన్నా నేనూ దాని వెనకే ఉన్నాం. డ్రైవరు తలుపు తీసుకుని దూకేశాడు. మేం బైకు ఆపి దిగి వెనక్కి తిరిగి చూసేసరికి లారీ లేదు, మంట ఉంది. మంట పెద్దదవుతుందని మాత్రమే నాకు అంతకు ముందు తెలుసు. అంత త్వరగా అవుతుందని తెలియదు.

హెల్మెట్‌ను రెండు చేతులతో పొట్టకు అదుముకుని కూర్చున్నాను. ముందు కూర్చున్న అన్న అలవాటు కొద్దీ తన బైకు హెల్మెట్ పెట్టుకుని గడ్డం కింద పట్టీ బిగించుకున్నాడు.

మా నాయన నబీ సాబ్‌ది ఆదోనిలో దూది ఏకి పరుపులు కుట్టే దుకాణం. వెనక ఇల్లు. మేం వెళ్లేసరికి నాయన కనుబొమల దాకా తెల్లగా, కొత్త పరుపు మీద మోకాళ్లతో కూర్చుని పెద్ద సూదితో పొడుస్తున్నాడు.

"ఏమప్పా, పదింటికి గదా పోయేది? అప్పుడే వచ్చినారా?"

నేనే హెల్మెట్ ముందుకు చాపాను.

"నాయనా, ఇది నువ్వు కుట్టినావా?"

నాయన ముఖం వెలిగిపోయింది. సూది పరుపుకు గుచ్చి లేచాడు.

"కనుక్కొన్యావా! ఎవరికీ తెలీకుండా సేద్దామనుకుంటి. యాడన్నా కుట్టు కనపడిందా? కనపడి ఉండదే!"

"ఎప్పుడు సేసినావు?"

"మీరు తెచ్చిన నాలుగో దినం. వీని నుదురు సూస్తి గదా, వాతలు పెట్టినట్ల ఎర్రగా గీతలు. ఆ డబ్బాలో చెయ్యి పెట్టి సూస్తి. జారుడు గుడ్డ. నూలు కాదు. నా చెయ్యికి తెలీదా? నువ్వే గదా పాపా సదివి వినిపించినావు, నైలాను వద్దు, పాలిస్టరు వద్దు, మంటకు కరిగి ఒంటికి అతుక్కుంటాయి, నూలే ఉండల్ల అని. ఆ కొట్టాయన మిమ్మల్ని మోసం సేసినాడనుకొంటి. దూది ఏకేవాని కొడుకు నెత్తికి నైలాను పెట్టుకొని పోతాడా? మంచి పొడుగు పింజ ఏరి, మూడుసార్లు ఏకి..."

ఆ తర్వాత ఆయన ఏం చెప్పాడో నేను వినలేదు. 'నువ్వే గదా' దగ్గరే ఆగిపోయాను.

ట్రాకు వాళ్ల నిబంధనల కాగితం ఇంగ్లీషులో ఉంది. నాయన అడిగితే నేనే తెలుగు చేసి చదివాను. మొదటి పేరా బట్టల గురించి. ఎవరో పరుపు కోసం వచ్చి నాయనను పిలిచారు. ఆయన లేచి వెళ్లాడు. రెండో పేరా హెల్మెట్ గురించి, దాని లోపలి గుడ్డకు నిప్పు ఎందుకు అంటుకోదో అన్నదాని గురించి. అది నాకోసం నేను చదువుకున్నాను. ఆయనకు చదవలేదు. నాయన తిరిగొచ్చాక, అయిపోయిందా పాపా అని అడిగితే, అయిపోయింది నాయనా అన్నాను.

"ఆ పాత గుడ్డ యాడ పెట్టినావు?" అన్నాడు అన్న. ఇంటి గడప దాటాక అతను పలికిన మొదటి మాట.

"ఏ గుడ్డ?" అంటూ అమ్మ వంటింట్లోంచి వచ్చింది. దారిలో తినడానికి చేసిన పులిహోర గిన్నె చేతుల్లో ఉంది. గిన్నె కాలకుండా పట్టుకున్న మసిగుడ్డ నల్లగా, మెత్తగా, అంచున నొక్కుడు గుండీతో ఉంది. "ఇదేనా? మీ నాయన పారేస్తాంటే నేనే తీసుకొంటి. బలే గుడ్డ నాజూ. మొన్న సూసుకోక పొయ్యి మీదే వదిలేస్తి. వేరే గుడ్డయితే ఇల్లే తగలబడేది. దీనికి అంచు నల్లబడింది, అంతే."

అమ్మ మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"అంటుకోలేదా?" అన్నాడు నాయన.

"ఊహూ."

"రహమత్, బాగ సూసినావా? అంటుకోలేదా?"

"నేనెందుకు అబద్ధం సెప్తా!"

నాయన చేయి చాపి ఆ గుడ్డ అడిగి తీసుకున్నాడు. మా దుకాణంలో అగ్గిపుల్ల గీయరు, బీడీ తాగేవాళ్లను గుమ్మం దగ్గరే ఆపేస్తారు. నాయన వీధిలోకి నడిచాడు. మేం వెనక వెళ్లాం.

దూది పనివాళ్లకు ఒక పరీక్ష ఉంది. సరుకు కొనే ముందు ఒక పోగు తీసి కాల్చి చూస్తారు. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. కల్తీ ఉంటే ముడుచుకుని ముద్దవుతుంది. కాల్చి చూడకుండా మా నాయన తన జీవితంలో ఏ సరుకూ కొనలేదు.

"ఆ పొద్దే దీన్ని కాల్చి సూసుంటే అయిపోయేది గదా నాయనా," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆయన నా వైపు తిరిగాడు. "నా కొడుకు నెత్తిన పెట్టుకొనేదానికి అగ్గి పెట్టమంటావా పాపా?"

పుల్ల గీసి మసిగుడ్డ మూలకు పెట్టాడు. మంట దాన్ని నాకింది. మూల నల్లబడింది. పుల్ల తీసేయగానే ఏమీ లేదు, చిన్న పొగ. మళ్లీ పెట్టాడు. మళ్లీ అంతే. మూడోసారి పుల్ల చివరిదాకా కాలి ఆరిపోయింది కానీ గుడ్డ అంటుకోలేదు.

అప్పుడు నా చేతిలోని హెల్మెట్ లోంచి తన దూదిని చిటికెడు లాగాడు. ఇంకో పుల్ల గీశాడు. దగ్గరికి తెచ్చాడో లేదో, భగ్గుమని వెలిగి, చూసేలోపల వేళ్ల మధ్య ఏమీ మిగల్లేదు. వేలి కొసలు కాలే ఉంటాయి. ఆయన విదిలించుకోలేదు. ఖాళీ వేళ్లను అలాగే పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

మా నాయన ముఖంలో నేను కోపం చూశాను, అలసట చూశాను. ఆ పొద్దు చూసింది అంతకుముందెప్పుడూ చూడలేదు. చేతికి తెలియనిది ఉందని ఆ చేతికి మొదటిసారి తెలిసింది.

అన్నే ముందు తేరుకున్నాడు. "సరే. ఇంగా టైముండాది. అయిందేదో అయింది. దూది పెరికేసి, పాత గుడ్డే పెట్టు నాయనా. నువ్వు కూసుంటే అర్ధగంట పని. స్టిక్కరు యాడుందో సూడు, ఫోటో తీసి పంపిద్దాం."

నాయన కదల్లేదు.

"కుట్టినా లాభం లేదప్పా."

"ఎందుకు లేదు?"

"లోపల ఆ తెల్ల థెర్మాకోలు కోసినా. సుట్టూ అర అంగుళం. దూదికి తావు కావల్ల గదా. ఆ కాగితం కూడా దాంతోనే పోయింది."

అన్న నా చేతిలోంచి హెల్మెట్ లాక్కుని, మిగిలిన కుట్లన్నీ ఒక్క గుంజుతో తెంపేశాడు. దూది వీధిలో రాలింది. లోపల థెర్మాకోలు మీద కత్తి గాట్లు వరసగా, నున్నగా ఉన్నాయి. మా నాయన చేసే ప్రతి పనిలాగే చక్కగా ఉన్నాయి. కుదురుకుందని నేను తేదీ వేసి రాసుకున్నది వీటినే.

"నన్ను ఒక్క మాట అడగల్లని తోచలేదా నీకు?" అన్న అరిచాడు. పక్క దుకాణం వాళ్లు తొంగి చూశారు. "రెండేండ్లు! రెండేండ్ల నించి ఒక్క దినం కోసం సస్తాండా. నువ్వు ఒక్క పొద్దులో..."

"సాజిద్! నాయనతో అట్లనా మాట్లాడేది?" అంది అమ్మ.

"మరెట్ల మాట్లాడల్ల? నువ్వే సెప్పు, ఎట్ల మాట్లాడల్ల?" అని, ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, గొంతు తగ్గించాడు. ఆ తగ్గిన గొంతే నన్ను ఎక్కువ భయపెట్టింది. "పెట్టుకొనే పోతా. పాత గుడ్డ మీద ఎవురిదన్నా స్టిక్కరు అంటిద్దాం. ఫోటోలో థెర్మాకోలు ఎవురు సూస్తారు? రెండుసార్లు పోయొచ్చినా, ఏమన్నా అయిందా? ఒక్క దినమే గదా."

"నేను టిక్కు పెట్టను," అన్నాను.

"నీ టిక్కు ఎవురిక్కావల్ల?"

"పెట్టను అన్నా. అర అంగుళం తీసేసిన డిప్ప అది. అదీ నీ గ్యారేజీలో గోడకు తగిలించిన పాత టైరూ ఒకటే. నువ్వు తల ఊపి సూడు, అదొక్కటే తిరుగుతాది. ఆయన సెప్పినాడు గదా. బెంగళూరు మీదుగానే గదా మనం పోయేది. సేతుమాధవరావు గారికి ఉన్నదున్నట్ల సెప్దాం. ఒక్క దినానికి ఇంకోటి ఇస్తాడేమో కాళ్లు పట్టుకొని అడుగుదాం. ఇయ్యకపోతే పోవద్దు."

"పోవద్దా?"

"పోవద్దు."

అన్న నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. గుమ్మం మెట్టు మీద కూలబడి, ఖాళీ డిప్పను మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. అమ్మ ఇంకా ఆ గిన్నె పట్టుకునే ఉంది. వేడి చేతికి తగులుతున్నట్టు కూడా ఆమెకు తెలియలేదు.

అప్పుడు నాయన అడిగాడు. చాలా నెమ్మదిగా, బేరగాణ్ని వివరం అడిగినట్టు.

"అప్పా, ఆడ వాళ్లు లోపలంతా ఇప్పి సూస్తారా? ఏం గుడ్డ, ఏం దూది అని?"

"అంత యాడ సూస్తారు నాయనా," అన్నాను. "స్టిక్కరు సూస్తారు, పైన పగుళ్లు సూస్తారు, పట్టీ సూస్తారు."

"స్టిక్కరుంటే పంపించేస్తారా?"

"పంపిస్తారు."

నాయన దుకాణం గోడకు చేయి ఆనించుకున్నాడు.

"జోయల్‌దానికి స్టిక్కరుండాది," అన్నాడు.

అన్న తలెత్తాడు.

"ఏమంటివి?"

"నీది కుడతాంటే జోయలు వచ్చినాడు. సూసి, నాగ్గూడా అట్లనే మెత్తగా సెయ్యి మామా అన్యాడు. నీకు సెప్పొద్దంటే సెప్పలేదు, నవ్వినాడు. పోయిన బుధవారం తెచ్చిచ్చి కూసోని సేయించుకొన్యాడు. లోపల కాగితమొకటి ఉండాది మామా, అది లేకుంటే గేటు దాటనియ్యరు, దాన్ని పారేయొద్దు, పైన అంటించు అన్యాడు." నాయన పెదవులు తడుపుకున్నాడు. "అంటించినా. బంక పెట్టి, సుట్టూ కుట్టి మరీ అంటించినా. వానిది ఇంగా బాగొచ్చింది."

గడియారం చూశాను. తొమ్మిది దాటి పది నిమిషాలు. కొత్తవాళ్ల మొదటి జట్టు తొమ్మిదిన్నరకు ట్రాకు మీదికి వెళ్తుంది. ఆ కాగితం కూడా నేనే చదివాను, జోయల్ పేరు ఆ జట్టులోనే ఉంది.

అన్న ఫోను తీశాడు. స్విచాఫ్. ట్రాకు మీదికి వెళ్లే ముందు ఫోన్లు తీసుకుని పెట్టెలో వేస్తారు. మళ్లీ చేశాడు. స్విచాఫ్.

"నాజూ. ఆ క్లిప్పు. పెట్రోలు పైపు క్లిప్పు. ఆడ బిగించుకుంటానన్నాడు గదా? బిగించినాడా? నీకేమన్నా ఫోను సేసినాడా?"

"లేదు."

"నాకూ లేదు."

నిర్వాహకుల నంబరు నిబంధనల కాగితం అడుగున ఉంది. నా ఫోను తీసి కొట్టాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ. మళ్లీ. నాయన నా పక్కకొచ్చి నిలబడ్డాడు, నా ఫోనులోంచి వచ్చే ఆ రింగును తనే ఆపగలిగినట్టు చూస్తూ. నాలుగోసారి ఎవరో ఎత్తారు. ముందు వినపడింది మాట కాదు, మోత. ఇంజన్లు, ఒకదాని వెనక ఒకటి, దగ్గరికొచ్చి దూరమవుతున్నాయి. సమయం తొమ్మిది ఇరవై నాలుగే అయింది.

"హలో? ఎవరు? గట్టిగా చెప్పండి," ఒక అమ్మాయి గొంతు, ఇంగ్లీషులో.

"జోయల్! జోయల్ కారును పంపొద్దండీ. ఎమ్మిగనూరు జోయల్. తెల్ల కారు, ఇరవై మూడో నంబరు. దయచేసి ఆపండి, అతని హెల్మెట్ మంచిది కాదు. ఆపండి!"

"ఇరవై మూడా?" ఆ గొంతు ఆగింది. "మొదటి జట్టును పది నిమిషాలు ముందే వదిలాం. ఇరవై మూడు..."

ఆమె ఫోను ఎక్కడో పెట్టేసింది, కట్ చేయలేదు. కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. పరుగెత్తే అడుగులు వినపడ్డాయి. ఆ మోతలో ఇంజన్లు ఒక్కొక్కటిగా తగ్గడం మొదలైంది. ఎందుకు తగ్గుతున్నాయో నాకు అర్థం కాలేదు. ఎవరో ఆపమంటే ఆగుతున్నాయా, లేక ఆగాల్సిందేదో ట్రాకు మీద వాటికి కనపడిందా?

"ఏమంటాండారు పాపా?" అన్నాడు నాయన. "సెప్పు. ఏమంటాండారు?"

నేను ఫోను చెవికి అదుముకుని వింటూనే ఉన్నాను. చీటీ చున్నీ కొంగులోంచి జారి దూదిలో పడింది.

ఇది చదువుతున్న మీకు ఒక మనవి. మా నాయన మీద మీకు కోపం రావచ్చు. నా మీద ఇంకా ఎక్కువ రావాలి. కానీ వచ్చే వారం దాకా మీ మనసులో ఉంచుకోవాల్సింది మా ఇద్దరినీ కాదు. జోయల్‌ను గుర్తుపెట్టుకోండి. ఎమ్మిగనూరులో మగ్గం నేసే సుగుణమ్మ కొడుకు. తల చుట్టుకొలత యాభై ఏడు సెంటీమీటర్లు. నేను ఎదురైనప్పుడల్లా "ఏం మేడం, టిక్కు పెట్టినావా?" అని నవ్వేవాడు. ఐదో పని పక్కన, కళ్లతో చూడకుండానే, నేను టిక్కు పెట్టాను. అతన్ని గుర్తుపెట్టుకోండి.